హవల్దార్ తుకారాం అర్జీ

జూన్ 22, శనివారం

ఇంట్లో నోరు అదుపులో పెట్టుకుంటానని మాటిచ్చాను. ఈ వయసులో అలాంటి మాట నిలబెట్టుకోవాలంటే లోపల పోగయ్యేదాన్ని ఎక్కడో ఒకచోట పారబోయాలి. ఇక్కడ పారబోస్తాను.

మొదటి సంగతి: రజిత ఇవాళ డాబా మీద బట్టలు ఆరేస్తూ ఫోనులో నవ్వింది. చిరునవ్వు కాదు. దండెం పట్టుకుని వంగిపోయి, తడి దుప్పటి చేతిలోంచి జారిపడేంత నవ్వు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఆ గొంతులో అంత నవ్వు ఉందని నాకు తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

"దుప్పటి మళ్ళ పిండాలె" అని మాత్రం అన్నాను. ఇది నోరు అదుపు తప్పడం కిందకు రాదు.

లెక్క ప్రకారం రజిత నాకు ఏమీ కాదు. నా కొడుకు దయాకర్ తన ఆఫీసులో పనిచేసే ఆవిడతో బేగంపేటలో కాపురం పెట్టాడు. ఆరేళ్ళ కింద కోర్టు విడాకులిచ్చింది. తప్పు చేసినవాడు ఇల్లు విడవాలి గాని చేయనిది ఎందుకు విడుస్తుందని నేను ఆనాడు అన్నాను. దాంతో మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ అంతా నా గురించి గొప్పగా చెప్పుకుంది. అప్పటినుంచి ఈ ఇంట్లో మేం ముగ్గురం: రజిత, దాని కూతురు వసుధ, నేను. రజిత గూడ్సు బండ్ల గార్డు. పిలుపు వస్తే పగలనీ రాత్రనీ లేదు, వెళ్ళాలి. ఒక్కోసారి రెండో రోజు గాని ఇల్లు చేరదు. పిల్లను చూసుకునేది నేనే. నేను లేకపోతే వాళ్ళకు గడవదు.

ఈ చివరి వాక్యం ఎందుకు రాశానో తెలియదు. నిజం కనుక రాశాను.

జూన్ 24, సోమవారం

మళ్ళీ నవ్వింది. ఈసారి వంటింట్లో.

జూన్ 29, శనివారం

నవ్వుకు కారణం ఇవాళ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఆరడుగుల మనిషి. మీసం నెరిసింది, వెన్ను మాత్రం గోడకు కొట్టిన మేకులా నిటారుగా ఉంది.

"నమస్తే మేడం. తుకారాం. హవల్దార్, రిటైర్డ్. పాప వాళ్ళ స్కూల్ల బ్యాండ్ మాస్టర్‌ను."

"బ్యాండంటే? పెండ్లిళ్ళల్ల వాయించేదా?"

"సీజన్ల అది సుత వాయిస్త మేడం. ఫౌజ్‌ల మాత్రం బ్యాగ్‌పైపరే. మంచుకొండల మీద సుత ఊదిన, రిటైరయ్యేదాకా."

వసుధకు నేర్చుకునే పైపు ఒకటి తెచ్చాడు. సంచి ఉండదు, ఉత్త గొట్టమే. సంచి తర్వాత ఇస్తారట. వసుధ ఊదింది. పక్కింటి కుక్క లేచి వీధి చివరకు వెళ్ళి పడుకుంది.

"ఆ సంచి దేంతో చేస్తరు?" అని అడిగాను. జువాలజీ చెప్పినదాన్ని, అడగకుండా ఉండలేను.

"పాతకాలంల మేకతోలు మేడం. ఇప్పుడు వేరే బట్ట వచ్చింది. నాది ఇంక తోలే."

"అంటే చచ్చిన మేకను సంకల పెట్టుకొని ఊదుతవు."

"అవ్ మేడం" అన్నాడు, పరీక్షలో సరైన జవాబు విన్నవాడిలా. "మంచిగ ఊదితే మల్ల బతుకుతది."

రజిత టీ తెచ్చింది. అల్మారాలోని బంగారు అంచు కప్పుల్లో. అవి చుట్టాలకు కూడా తీయం. అతను కప్పు పట్టుకుని నిలబడే ఉన్నాడు. రజిత "కూర్చోండ్రి" అంది. అప్పుడు కూర్చున్నాడు. నేను అంతకుముందు రెండుసార్లు కుర్చీ చూపించాను. నాకు సరిగా చూపించడం రాదేమో.

జులై 21, ఆదివారం

లష్కర్ బోనాలు. విడాకుల తర్వాత రజిత బోనం ఎత్తడం మానేసింది. ఎవరో ఏదో అంటారని. ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే మానేసింది. ఈ సంవత్సరం పొద్దున్నే కుండకు సున్నం పూస్తూ కనబడింది. నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. మేకతోలు మనిషి ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, రజితకు నాలుగడుగుల ముందు చేతులు రెండూ చాచి నడిచాడు. ఎవరినీ ముట్టలేదు, తోయలేదు. అయినా దారి విడింది. ఆ దారిలో రజిత నెత్తిన బోనంతో, బోనం మీద దీపంతో నడిచింది. గాలి వీస్తోంది. దీపం ఆరలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నాను. ఊదుబత్తుల పొగ.

ఆగస్టు 15, గురువారం

బడి జెండా వందనానికి వెళ్ళాను. ప్రసంగాలు విని నిద్రపోదామని మంచి కుర్చీ చూసుకున్నాను.

తర్వాత తుకారాం వాయించాడు.

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు సంచి ఉబ్బింది. ఒక మూలుగు బయలుదేరింది, అచ్చం దూడను పోగొట్టుకున్న బర్రెలా. నవ్వుదామని నోరు తెరిచాను. అంతలో ఆ మూలుగు మీద పాట నిలబడింది. నిలబడి, ఇక ఆగలేదు. మనిషి ఊపిరి పీలుస్తున్నాడు, పెదవులు పైపును వదిలాయి, పాట మాత్రం తెగలేదు.

ఎందరు పిల్లలకో పక్షి బొమ్మ గీసి చెప్పాను: మనలాగా కాదమ్మా, పక్షి ఒంట్లో గాలిసంచులుంటాయి, అది ఊపిరి వదులుతున్నప్పుడు కూడా ఊపిరితిత్తుల్లోకి కొత్తగాలి పోతూనే ఉంటుంది, అందుకే కొండల మీదుగా ఎగరగలదు. రంగు సుద్దలతో బాణం గుర్తులు పెట్టి చెప్పాను. నేను చెప్పేదాన్ని నేనే ఎన్నడూ వినలేదని ఇవాళ తెలిసింది.

రజిత పక్కన కూర్చుంది. అతని వంక చూడటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల వంక చూస్తూ, ఒళ్ళంతా చెవి చేసుకుని వింటోంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి మొహం పదహారేళ్ళ మొహమైంది. పాఠ్యపుస్తకాల్లో ఇది లేదు.

ఇంటికి వచ్చి తల నొప్పి అని పడుకున్నాను. తల బాగానే ఉంది.

ఆగస్టు 25, ఆదివారం

రజిత బండితో లైను మీద ఉంది. వసుధ ట్యూషన్‌కు పోయింది. తుకారాం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. హాలు మధ్యలో నిలబడి మడమలు కలిపాడు. గోడ మీది బల్లి కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

"మేడం, ఒక అర్జీ ఉన్నది."

"ఫీజు సంగతా?"

"కాదు మేడం. రజితగారిని పెండ్లి చేసుకుంటా. మీరు పర్మిషన్ ఇస్తే."

లేచి ఫ్యాను ఒక నంబరు పెంచాను.

"ఆమెను అడిగినవా?"

"లేదు మేడం. ముందు మిమ్మల్ని అడగాలె గద."

"నన్నెందుకు?"

"ఫౌజ్‌ల పద్ధతి గంతే మేడం. ఏది కావాలన్నా పైఆఫీసర్‌కు చెప్పుకోవాలె. ఇంట్ల సీనియర్ మీరే."

నాకు లోపల ఎక్కడో బాగా అనిపించింది. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. నా సొంత కొడుకు రెండోసారి కాపురం పెట్టేటప్పుడు నాకు వాట్సాప్‌లో చెప్పాడు.

వివరాలన్నీ అడిగాను. నలభై ఆరేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. పెళ్ళి ఎందుకు కాలేదంటే, పెండ్లి మాట వచ్చినప్పుడల్లా సెలవు రద్దయ్యేదట. ఏ.ఎస్. రావు నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. తాగుడు? "పండుగకు క్యాంటీన్‌ది కొంచెం మేడం. చెప్పకుంటే అబద్ధమైతది."

నేను ఆలోచించి చెప్తానన్నాను. అక్కడితో ఆగవలసింది. ఆగలేదు.

"నేను జవాబు చెప్పేదాక రజితతోని మాట్లాడొద్దు."

"ఎస్ మేడం" అన్నాడు. తిరిగి, అడుగులు లెక్కపెట్టినట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తొందరపాటు వద్దని, అందరి మంచి కోరి అన్నాను.

ఆగస్టు 28, బుధవారం

ఆలోచిస్తున్నాను.

సెప్టెంబర్ 1, ఆదివారం

ఇంకా ఆలోచిస్తున్నాను. పెళ్ళి అన్నాక ఆలోచించరా? రజిత ఇవాళ చాలా అలసిపోయి వచ్చింది. ఇలాంటప్పుడు ఏం చెప్తాం.

సెప్టెంబర్ 7, శనివారం

వినాయక చవితి. రజిత ఉండ్రాళ్ళు ఒక స్టీలు డబ్బాలో విడిగా పెట్టింది. సాయంత్రం దాకా ఆ డబ్బా గడప పక్కన స్టూలు మీద ఉంది. సాయంత్రం తీసుకుపోయి పక్కింటివాళ్ళకిచ్చింది.

ఫోను రెండుసార్లు చూసుకుంది. మూడోసారి చూసుకోలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

వసుధ బడినుంచి వచ్చి సంచి విసిరేసింది.

"నానమ్మా, తుకారాం సార్‌కు అమ్మతోని లొల్లి అయిందా?"

"నాకేం తెలుసు. ఎందుకు?"

"అమ్మ గేటుకాడికొస్తే సార్ నేల చూస్తుండు. అమ్మ 'ఏమైందండీ' అంటే సెల్యూట్ కొట్టి పోయిండు. అమ్మ ఆటోల ఏడ్చింది. కండ్లల్ల దుమ్ము అన్నది. నాకేం పది నెలలా, పదేండ్లు."

ఒక్క మాట మాట్లాడొద్దు అంటే ఒక్క మాటా మాట్లాడని మగవాడు ఈ లోకంలో ఉంటాడని నేనెలా ఊహిస్తాను? నా అనుభవంలో లేడు.

రేపు చెప్తాను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

రేపు.

సెప్టెంబర్ 19, గురువారం

ఇల్లు మునుపటిలాగే ఉంది. రజిత వంట చేస్తుంది, డ్యూటీకి వెళ్తుంది, వస్తుంది, "మందులు వేసుకున్నరా అత్తమ్మా" అంటుంది. నవ్వు గివ్వు లేదు. డాబా మీద బట్టలు చప్పుడు లేకుండా ఆరుతున్నాయి. ముగ్గురం కలిసి తొమ్మిదిన్నరకల్లా దీపం తీసేస్తున్నాం.

హాయిగా ఉంది.

సెప్టెంబర్ 21, శనివారం

హాయిగానే ఉంది. వసుధ పైపు ఊదడం మానేసింది. పక్కింటి కుక్క మళ్ళీ మా గోడ పక్కకే వచ్చి పడుకుంటోంది.

సెప్టెంబర్ 24, మంగళవారం

రజిత ఈమధ్య ఏదో ఒకటి మరిచిపోతోంది. ఇవాళ టిఫిన్ డబ్బా మరిచింది. బండి మౌలాలి నుంచే కదులుతుందని తెలుసు కాబట్టి డబ్బా తీసుకుని ఆటోలో స్టేషన్‌కు వెళ్ళాను. మోకాళ్ళతో బేరమాడుకుంటూ కాలిబాట వంతెన సగం ఎక్కేసరికి బండి కదిలిపోయింది.

గార్డు అంటే చివరి డబ్బాలో కూర్చుని కునుకు తీసే ఉద్యోగమని ఇన్నాళ్ళూ నేననుకున్నాను. అలాగని రజితతో కూడా అన్నాను, ఒకటి కంటే ఎక్కువసార్లే.

వంతెన కింద బండి పోతూనే ఉంది. సిమెంటు రంగు వ్యాగన్లు, ఒకదాని వెనక ఒకటి, ఇంకా ఒకటి, ఇంకా. వంతెన వణికింది. కమ్మీ పట్టుకుంటే ఆ వణుకు మోచేతి దాకా వచ్చింది. ఇంజను ఎప్పుడో మలుపు తిరిగి కనబడకుండా పోయింది, బండి ఇంకా అయిపోలేదు. ఇది ఎవరో ఒకరి చేతిలో ఉంటుందని నమ్మబుద్ధి కాలేదు. చిట్టచివర, అగ్గిపెట్టెంత గది. దాని అరుగు మీద తెల్ల చొక్కా వేసుకుని ఒక ఆడమనిషి, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో పచ్చజెండా. జెండా బాగా చాచి, దూరాన ఎవరికో నిశ్చింతగా పొమ్మని చెబుతోంది. అంత ఇనుమూ ఆమె మాట విని పోతోంది.

నా ఇంట్లో నాకు రొట్టెలు చేసిపెట్టే మనిషి. నాకు భయంగా, గర్వంగా, సిగ్గుగా, అన్నీ ఒకేసారి అయింది. దేవుడి ఊరేగింపు చూసినప్పుడు కూడా నాకలా కాలేదు.

అప్పుడు రజిత మొహం ఒకవైపు తిరిగింది. అక్కడ పట్టాల పక్కన కంచె అవతల తుకారాం నిలబడి ఉన్నాడు. నిటారుగా, చెయ్యి నుదుటికి ఆనించి సెల్యూట్ చేస్తూ. రజిత చూసింది. జెండా చెదరలేదు. మొహం అవతలికి తిప్పుకుంది. బండి పోయింది. అతను చెయ్యి దించలేదు, చివరి ఎర్ర లైటు కనబడకుండా పోయేదాకా.

ఎలా దిగానో, ఎలా అక్కడిదాకా నడిచానో.

"ఏందయ్యా నువ్వు, ఇక్కడ?"

"గుడ్ మార్నింగ్ మేడం."

"రోజు వస్తవా?"

"ఆమె బండి ఇక్కడి నుంచి ఉన్నప్పుడే మేడం. పాప చెప్తది."

"మాట్లాడొద్దన్నగద నేను!"

"మాట్లాడలే మేడం" అన్నాడు. "చూడొద్దనలే మీరు."

పక్కన రాయి ఉంటే కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు.

"నువ్వు వదిలేసినవనుకుంటుంది రజిత. తెలుసా నీకు?"

అప్పుడు మొదటిసారి అతని వెన్ను కొంచెం వంగింది. "మీరు చెప్పి ఉంటరు అనుకున్న మేడం. నేను అడిగిన్నని. జవాబు కోసం ఆగిన్నని."

"చెప్పలే."

అతను కోపం తెచ్చుకుంటే బాగుండేది. తెచ్చుకోలేదు.

"నేను ఎన్నడూ చెప్పకపోతే? ఎంతకాలం నిలబడేటోనివి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "చెప్పేదాక."

మన ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళను పిచ్చివాళ్ళంటారు. సరిహద్దుల్లో వీళ్ళను నిలబెట్టి మనం ఇక్కడ నిద్రపోతున్నాం.

"నీ అర్జీ తప్పు ఆఫీసుల ఇచ్చినవ్ తుకారాం. నేను తీసుకోనే ఒద్దుండె. పోయి ఆమెను అడుగు. నా ఆర్డర్ తీసేసిన."

"ఎస్ మేడం." మళ్ళీ వెన్ను నిటారైంది. "మీరు టిఫిన్ తిన్నరా? చెమటలు పడ్తున్నయి మీకు."

రజిత డబ్బా ఇద్దరం తిన్నాం. వంకాయ కూర. ఉప్పు మరిచిపోయింది.

సెప్టెంబర్ 26, గురువారం

తుకారాం నిన్న రాత్రే ఫోన్ చేసి అంతా చెప్పాడట. రజిత ఇవాళ డ్యూటీ దిగి, బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా ముందు నిలబడింది.

"నన్ను అడగాల్సింది పోయి ఆయన మిమ్మల్ని అడిగిండు. నాకు చెప్పాల్సింది మీరు చెప్పలే. మీ ఇద్దరికి నేనంటూ ఒకదాన్ని ఉన్ననని యాదికున్నదా? నేనేమన్న పార్సిల్ సామానా అత్తమ్మా, ఒకరు బుక్ చేసి ఒకరు విడిపించుకపోనీకి?"

"రజితా..."

"నెల రోజులు! నేనేం తప్పు మాట్లాడిన్నో అని నెల రోజులు ఎతుక్కున్న. మళ్ళ ఒకరు నన్ను వద్దనుకున్నరు అనుకున్న."

మళ్ళ. ఆ ఒక్క మాట.

"ఎందుకు అత్తమ్మా? నా కోసం కన్నకొడుకునే బయటికి పొమ్మన్నరు మీరు. ఇదెందుకు చేసిండ్రు?"

నా దగ్గర కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఫౌజువాళ్ళ తాగుడు, పిల్ల చదువు, కాలనీ నోళ్ళు. వారాలుగా వాటికి పదును పెట్టుకుంటున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నువ్వు పోతే నేను నీకు ఏమైత?"

రజిత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. గిన్నెలు గట్టిగా తోమిన చప్పుడు. తర్వాత అక్కడినుంచే అంది:

"అది ముందు అడిగితే అయిపోవు గద."

జవాబు మాత్రం చెప్పలేదు.

అక్టోబర్ 1, మంగళవారం

శిక్ష పడింది, ఇద్దరికీ. తాను ఆలోచించుకునేదాకా తుకారాం నాతో మాట్లాడకూడదని రజిత హుకుం.

అతను పాటిస్తున్నాడు. వసుధకు పాఠం చెప్పడానికి వచ్చి, గేటు దగ్గర నాకు సెల్యూట్ చేసి, గోడతో చెప్పినట్టు "వసుధా, మేడం కాలు వాచినట్టున్నది, డాక్టర్‌కు చూపిస్తే మంచిగుంటది" అన్నాడు. నేను "వసుధా, కాలు నాది, డాక్టర్ నాకు తెలుసు" అన్నాను. వసుధ ఇద్దరి దగ్గరా చెరో చాక్లెట్ తీసుకుంది, మాటలు మోసినందుకు.

లోపల రజిత నవ్వు చప్పుడైంది. చిన్నదే. నాకు డాక్టర్ అక్కరలేకపోయింది.

అక్టోబర్ 12, శనివారం

దసరా. సాయంత్రం కాలనీవాళ్ళందరూ జమ్మి ఆకు పట్టుకుని ఇళ్ళకు వచ్చిపోతున్నారు. బంగారమని ఆకు చేతిలో పెట్టి, పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కి, సమానులైతే అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని. ఏడాదంతా మాట్లాడుకోని వాళ్ళు కూడా ఇవాళ ఆకు ఇస్తే తీసుకోవాలి.

తుకారాం వచ్చాడు. ఆకు ముందు నా చేతిలో పెట్టాలి, పెద్దదాన్ని కాబట్టి. హుకుం ఇంకా ఉంది కాబట్టి మాట్లాడకుండా పెట్టబోయాడు. అప్పుడు రజిత తలుపు దగ్గరినుంచి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. తన దగ్గరి ఆకు అతని చేతిలో పెట్టింది. ఆ చెయ్యి వదల్లేదు. వాకిట్లో పక్కింటివాళ్ళు, ఎదురింటి కుటుంబం, నేను, వసుధ, అందరం ఉన్నాం.

"నన్ను పెండ్లి చేసుకుంటవా?" అంది. గార్డు గొంతు. వీధి చివరికి వినబడి ఉంటుంది.

ఆరడుగుల మనిషి నోరు తెరిచాడు. కొండల్లో గాలి సరిపోని చోట నిలబడి పాట ఆపకుండా ఊదిన మనిషికి మా వాకిట్లో ఊపిరి అందలేదు. తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. కళ్ళ నీళ్ళు మీసంలోకి దిగాయి.

పక్కింటి ఆవిడ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నాకు డెబ్బై రెండేళ్ళు. వానపాము గుండెలు మొదలుకొని చాలా చూశాను, చాలా కోసి చూపించాను. ఒక ఆడమనిషి తనకు కావలసింది తానే చెయ్యి చాచి అడగడం, అది దొరకడం, నా కళ్ళ ముందు జరగడం ఇదే మొదలు.

"అమ్మా, ఇంక చెయ్యి ఇడ్సిపెట్టు, సార్‌కు తిమ్మిరెక్కుతది" అంది వసుధ.

అక్టోబర్ 20, ఆదివారం

దయాకర్ ఫోన్.

"అమ్మా, ఏ మొఖం పెట్టుకొని పోతవు నువ్వు ఆ పెండ్లికి?"

"నాకున్నది ఒకటే బిడ్డా. అదే తీస్కపోత."

పెట్టేశాను. తర్వాత ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. వెధవ ప్రశ్నే, కానీ ప్రశ్నే. నేను ఎవరిగా పోతాను? రజితకు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, భువనగిరి నుంచి వస్తున్నారు. పీటల మీద వాళ్ళు కూర్చుంటారు. నేను పాత మొగుడి తల్లిని. అలాంటివాళ్ళకు పెళ్ళిలో చోటు ఎక్కడో ఏ పంతులూ చెప్పడు.

పెళ్ళయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటారు. వసుధ బడినుంచి నా దగ్గరికి వస్తుంది, రజిత డ్యూటీలో ఉన్న రోజుల్లో. అన్నీ మాట్లాడుకున్నాం. నేను ఏమవుతాననేదొక్కటీ మాట్లాడుకోలేదు.

నవంబర్ 17, ఆదివారం

నడుము విరిగిపోతోంది. అయినా రాయకుండా పడుకోను.

చిన్న ఫంక్షన్ హాలు. రజిత వైపు భువనగిరి అంతా వచ్చినట్టుంది. తుకారాం వైపు అతని పాత రెజిమెంటువాళ్ళు, అందరూ మగవాళ్ళే. వరసగా కుర్చీల్లో వెన్ను ఆనించకుండా కూర్చున్నారు. నలుగురు పైపులు తెచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని అమ్మాయి వైపు చివరి వరసలో, కూలర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ చూసుకున్నాను. అక్కడైతే ఎవరూ ఏమవుతారని అడగరు.

పంతులు తల ఎత్తి అడిగాడు. "పిల్లగాని తరఫున పెద్దమనిషి ఎవరండి? తల్లి లెక్క ఒక ఆడామె ఇటు వచ్చి కూర్చోవాలె."

సైన్యం అంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. తుపాకీ పేలిస్తే కదలనివాళ్ళు ఇబ్బందిగా కదిలారు.

తుకారాం పీటల మీదినుంచి లేచాడు. పంతులు "లేవొద్దయ్యా, లేవొద్దు" అంటున్నాడు. పెళ్ళికొడుకు బాసికం ఊగుతుండగా హాలంతా దాటి వచ్చి కూలర్ పక్కన నా ముందు నిలబడ్డాడు. ఈసారి మడమలు కలపలేదు. వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు.

"మా అమ్మ పీట ఖాళీగున్నదమ్మా. మీరొచ్చి కూర్చుంటరా?"

మేడం అనలేదు.

నేను రజిత వంక చూశాను. అడ్డుతెర పక్కనుంచి మొహం బయటికి పెట్టి చూస్తోంది. ఆ కళ్ళు చూశాక తెలిసింది, ఇది అతనికి అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు. వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఎవరిని ముందు అడగాలో ఈసారి అతనికి తెలిసింది.

"లేవుండ్రి అత్తమ్మా" అంది రజిత. "మీరు ఆలోచిస్తమంటే ముహూర్తం దాటిపోతది."

లేచాను. హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను. భువనగిరి వాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు, పెట్టనీ. రెజిమెంటు మొత్తం లేచి నిలబడింది. పైపులు ఉబ్బాయి, మూలిగాయి, పాడాయి. వాటి మధ్యలోంచి నేను అమ్మాయి వైపునుంచి అబ్బాయి వైపుకు వెళ్ళి, ఎవరో కన్న కొడుకు పక్కన వాడి తల్లిగా కూర్చున్నాను. అడ్డుతెర దించారు. ఎదురుగా నా కోడలు.

పెళ్ళికొడుకు తల్లికి ఒక పని ఉంటుంది. అందరికంటే ముందు ఇంటికి చేరుకుని, గడప మీద బియ్యం చెంబు పెట్టి, హారతి పట్టుకుని కోడలి కోసం నిలబడాలి. వసుధ, నేను ఆటోలో ఏ.ఎస్. రావు నగర్‌కు పరిగెత్తాం. చెంబు దొరకలేదు, స్టీలు గ్లాసు పెట్టాను. వాళ్ళు వచ్చారు. రజిత కుడికాలు ఎత్తింది. దానికి మొదటినుంచీ ఏదీ మెల్లగా చేయడం రాదు. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది, బియ్యం మంచం కిందిదాకా పోయాయి.

"మెల్లగ తన్నవే" అన్నాను. "పోయినసారి సుత గింజలన్నీ నేనే ఏరిన."

"ఈసారి సుత మీరే ఏరాలె అత్తమ్మా" అంది రజిత. "ఇంకెవరు ఏరుతరు?"

ఏరాను. మంచం కింద కూడా.